చేతులతో మాట్లాడే ఊరికి అరవై పేజీల ఒప్పందం

గోదావరి మీద ఒట్టు. ఆ ఒడ్డున కొలువున్న రామయ్య మీద ఒట్టు. ఇవి చాలవనేవాళ్ళ కోసం, యాభై మూడేళ్ళుగా నన్ను మోసి ఇప్పుడిప్పుడే మొరాయిస్తున్న నా రెండు మోకాళ్ళ మీద కూడా ఒట్టు. ఈ కింద రాసినదాంట్లో ప్రతి అక్షరమూ నిజం. నన్ను ఎరిగినవాళ్ళు ఈపాటికే నవ్వుతుంటారు. మా ఆవిడైతే మొదటి రెండు వాక్యాలు చదివి కాగితం నా చేతికిచ్చేసింది. మీరు నన్ను ఎరగరు, ఆ అడవి అంచుకి వెళ్ళనూ లేదు. అందుకే ఇది మీకోసం రాస్తున్నాను.

ఖమ్మం

ఖమ్మంలో నాకో చిన్న కొట్టుంది. జిరాక్సు, డీటీపీ, అనువాదం. నిరుడు ఒక సంస్థ నా చేత అరవై పేజీల కట్ట ఒకటి తెలుగు చేయించింది. ప్రపంచ దేశాలు కూర్చుని రాసుకున్న ఒప్పందమూ, దాన్ని బడులు ఎంతవరకు పాటిస్తున్నాయో చూసే ప్రశ్నల పట్టికా అందులో ఉన్నాయి. చూపు లేని పిల్లలు, వినపడని పిల్లలు, నడవలేనివాళ్ళు, నెమ్మదిగా నేర్చుకునేవాళ్ళు అందరూ తోటిపిల్లలతో కలిసి, ఇంటికి దగ్గరున్న బడిలోనే చదువుకోవాలి. లోపం పేరు చెప్పి ఏ బడీ ఏ పిల్లనీ వెనక్కి పంపకూడదు. అరవై పేజీల సారం ఇంతే. దీన్ని సహిత విద్య అంటారు.

అందులో 'రీజనబుల్ అకామడేషన్' అనే మాట పేజీకి రెండుసార్లు వస్తుంది. పిల్లకి తగ్గట్టు బడే కాస్త సర్దుకోవడం అని భావం. నాకంటే ముందెవరో దాన్ని 'సహేతుకమైన వసతి' అని రాస్తే, ఒక హెడ్మాస్టరు తరగతి గదిలో నులకమంచం వేయించి, మీద దుప్పటి కూడా పరిపించాడు. నేను 'తగిన సర్దుబాటు' అని దిద్దాను. మంచం మాత్రం ఇంకా అక్కడే ఉంది. మధ్యాహ్నం పూట ఆయనే సర్దుకుంటాడు.

ఏప్రిల్లో ఆ సంస్థ తరఫున పరిశీలనకి గ్రేస్ గారు వచ్చారు. కెన్యా మనిషి. నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది, మోచేతి కర్రతో నడుస్తారు. ఆవిడ ఇంగ్లీషుని మనవాళ్ళకి తెలుగులో, మనవాళ్ళ తెలుగుని ఆవిడకి ఇంగ్లీషులో అందించడానికి నన్ను నాలుగు రోజులకి మాట్లాడుకున్నారు. చూడాల్సింది ప్రధానంగా ఒక పిల్ల విషయం. పర్ణశాల దాటాక అడవిలో ఒక కోయ ఊరు. అక్కడ భీమే అనే పదేళ్ళ పిల్ల. పుట్టుకతో వినపడదు. ఐదో తరగతి అయిపోతోంది, ఊళ్ళో బడి అంతవరకే. తోటి ఆడపిల్లలంతా ఆరోక్లాసుకి దగ్గరున్న ఆశ్రమ పాఠశాలలో, అంటే గిరిజన పిల్లలు అక్కడే ఉండి చదువుకునే సర్కారు బడిలో చేరుతున్నారు. భీమేకి మాత్రం అక్కడ సీటు ఇవ్వలేమన్నారు. ఇస్తారా ఇవ్వరా అన్నది తేల్చుకు రావాలి.

"ఇది ఎన్నో దేశం మీకు?" అని అడిగాను జీపెక్కుతూ.

"పదకొండోది. ఒప్పందం అన్నిచోట్లా ఒకటే. దాన్ని పెట్టే బీరువా కూడా ఒకటే. ఆకుపచ్చది. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు." ఆ మాట అని ఆవిడ కళ్ళు మూసుకున్నారు. పొద్దున ఏడైనా కాలేదు, అప్పటికే ఇద్దరికీ అలసటగా ఉంది.

కొత్తగూడెం

జీపు యాదగిరిది. నలభై ఏళ్ళవాడు, బూర్గంపాడు మనిషి, కిరాయికి తిప్పుతాడు. నా సంగతి అరగంటలో కనిపెట్టేశాడు.

"ఏంది కథల సారూ, మేడం చెప్పింది నాకు చెప్తున్నరా, నడుమ మీది కలుపుతున్నరా?"

"కాస్త ఉప్పు వెయ్యకపోతే ఎవరు తింటారు యాదగిరీ?"

"ఉప్పేస్తె మంచిదే. మీరు బస్త కుమ్మరిస్తున్నరు."

కొత్తగూడెంలో ఎండ సంగతి మీకు చెప్పినా నమ్మరు. హోటలువాడు మిరపకాయని పిండిలో ముంచి, నూనె ఇంకా కాగలేదని కిటికీ బయట పట్టుకున్నాడు. లోపలికి తీసేసరికి బజ్జీ అయింది. రెండో వైపు వేగలేదని నేనే మళ్ళీ బయట పట్టించాను.

స్టేషను దగ్గర టీకి ఆగాం. బోర్డు మీద భద్రాచలం రోడ్ అని ఉంటుంది. వరంగల్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన సంచి భుజాన వేసుకుని, బోర్డుకి దండం పెట్టి, "గుడి ఎటు బిడ్డా?" అని ఆటోవాణ్ణి అడిగాడు.

"నలభై కిలోమీటర్లు తాతా."

"మరి బోర్డున్నది గద?"

"బోర్డు ఈడ, దేవుడు ఆడ."

నేనది ఇంగ్లీషు చేస్తే గ్రేస్ గారు మొదటిసారి నవ్వారు. "మా నివేదికలూ ఇంతే. బోర్డు దగ్గర దిగిపోయి, చేరామని రాసేస్తాం." పెద్దాయనని మా జీపులో ఎక్కించుకున్నాం. భద్రాచలం దాకా ఆయన తన కోడలి గురించి చెప్పాడు. అనువాదం చెయ్యాల్సిన అవసరం రాలేదు. గ్రేస్ గారు తలాడిస్తూనే ఉన్నారు.

బూర్గంపాడు

మధ్యాహ్నం పెద్దాయనతో సహా అందరికీ యాదగిరి వాళ్ళింట్లో భోజనం. వాళ్ళమ్మ మొక్కజొన్న సంకటి, అదే మక్క గటక వండి, మామిడికాయ పప్పు చేసింది. గ్రేస్ గారు పళ్ళెం దగ్గరికి లాక్కున్నారు. తర్వాత చిన్న ముద్ద చేసి, బొటనవేలితో మధ్యలో గుంట నొక్కి, ఆ గుంటతో పప్పు ఎత్తి నోట్లో పెట్టుకున్నారు. మా దేశంలో దీన్ని ఉగాలి అంటారు, ఇలాగే తింటారు అని చెప్పారు.

"అరే, గీమె మనామెనే గదరా!" అంది ముసలామె. ఆ వెంటనే, "కాలు ఎట్ల పోయింది బిడ్డా?" అని అడిగేసింది.

ఖమ్మంలో అలా అడగం. అక్కడ కాలుకేసి చూడనట్టు నటిస్తాం, మనిషి వెళ్ళిపోయాక అరగంట మాట్లాడుకుంటాం. నేను అనువదించకుండా పప్పు కలుపుకున్నాను. గ్రేస్ గారే, "ఏమడిగారు? కాలు గురించేగా?" అన్నారు.

ఆవిడ చెప్పింది నేను ఏమీ కలపకుండా చెబుతున్నాను. వాళ్ళ ఊరి బడి గుట్ట మీద ఉండేది. ఈ పిల్లని పట్నంలో వికలాంగుల బడికి పంపండి అన్నాడు హెడ్మాస్టరు. వాళ్ళమ్మమ్మ పిల్లని వీపున మోసుకెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టింది, పక్కన తనూ కూర్చుంది. వారం రోజులు లేవలేదు. పాఠం మధ్యలో ముక్కుపొడుం పీల్చి తుమ్మేది. అమ్మమ్మని ఇంటికి పంపడానికి వేరే దారిలేక హెడ్మాస్టరు మనవరాలి పేరు రాసుకున్నాడు.

"అప్పటికి ఏ ఒప్పందమూ లేదు," అన్నారు గ్రేస్ గారు.

"అవ్ మరి. ముసల్ది ఉన్నది గద," అంది యాదగిరి వాళ్ళమ్మ, ఇంకో ముద్ద గటక వేస్తూ.

భద్రాచలం

వంతెన మీంచి చూస్తే గోదావరి ఇసుకలో ఎండబెట్టిన చీరలా ఉంది. సాయంత్రం గుడి మెట్లెక్కి దర్శనం చేసుకున్నాం. దిగేటప్పుడు గ్రేస్ గారి కర్ర కింది రబ్బరు బిళ్ళ ఎక్కడో ఊడిపోయింది. కర్ర జారింది, ఆవిడ జారారు, పట్టుకోబోయి నేను జారాను. నేను కింద, ఆవిడ పైన. ఒక భక్తురాలు మా ఇద్దరికీ కలిపి దండం పెట్టుకుని వెళ్ళింది.

మర్నాడు పొద్దున బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఆయన కర్రని తిప్పి తిప్పి చూశాడు. లారీ టైరు ముక్క గుండ్రంగా కోసి, మేకు కొట్టి, బంక పూసి ఇచ్చాడు. ముప్పై రూపాయలు.

"ఎంతకాలం ఉంటుంది?" అని అడిగించారు ఆవిడ.

"నేలరుగుద్దేమో గానండి, ఇది అరగదు. ఏ ఊరు ఆమెది?"

"ఆఫ్రికా."

"అక్కడ టైర్లు లేవా?"

ఇది అనువదిస్తే ఆవిడ ఆయనకి ఇంకో ఇరవై ఇచ్చారు. నాలుగు రోజుల్లో ఆవిడ అడిగింది అడిగినట్టు, ఏ ఫారమూ నింపకుండా చేసిపెట్టిన మొదటి మనిషి ఆయనే.

పర్ణశాల దాటాక

పర్ణశాలలో యాత్రికుల రద్దీ, కొబ్బరికాయలు, వెదురు బుట్టలు, ప్లాస్టిక్ విల్లంబులు. అక్కడ నీళ్ళు తాగి అడవిదారి పట్టాం. జీపు అద్దాలు దించితే ఇప్పపువ్వు వాసన, మగ్గిన పండులాంటి తీపి. ఆ వాసనకి మా జీపు ఒకచోట తూలి రోడ్డు దిగింది. యాదగిరి గేరు తప్పిందంటాడు. నా ఉద్దేశం వేరు.

ఊరు చేరేసరికి పన్నెండూ నలభై. బడికి తాళం వేస్తూ కనిపించాడు ముత్తయ్య సారు. ఆ బడికి ఆయనొక్కడే టీచరు. పక్క ఊరివాడు, ఆయనా కోయే.

"మీరు రెండు గంటలకు వస్తమని కాగితం పంపిండ్రు. ఒంటిపూట బడి గద సార్! పన్నెండున్నరకే పిల్లలను వదిలిపెట్టాలె. ఎట్ల ఆపను?"

ఏప్రిల్లో ఈ రాష్ట్రమంతా బళ్ళు సగంపూటే నడుస్తాయని మా ప్రయాణం కాగితం తయారుచేసినవాళ్ళకి తెలియదు. చదివిన నాకు తెలుసు. చూసుకోలేదు.

బడికి సిమెంటు ర్యాంపు ఉంది. కర్రలతో, చక్రాల కుర్చీలతో వచ్చేవాళ్ళ కోసం ఒప్పందం ప్రకారం మూడేళ్ళ కిందట కట్టింది. దాని నిండా ఇప్పపువ్వు ఎండబోసి ఉంది. ఊళ్ళో అంత నున్నటి నేల ఇంకోటి లేదు మరి. ముత్తయ్య సారు చీపురు పట్టుకుని పరిగెత్తాడు. పక్కింటి గుడిసెలోంచి ఒక ముసలావిడ కోయలో ఆయన్ని ఏదో అంది. చీపురు అక్కడే ఆగిపోయింది. మూడేళ్ళలో మొదటిసారి ఆ ర్యాంపు కావలసిన మనిషి వచ్చింది. గ్రేస్ గారు వచ్చి, మూడు మెట్లూ ఎక్కి వరండాలో కూర్చున్నారు.

ఆ మధ్యాహ్నం భీమే తల్లి ముత్తమ్మ వాకిట్లో గడిచింది. ఇద్దరం పక్కపక్కన మంచం మీద. భీమే మమ్మల్ని స్తంభం చాటునుంచి చూసింది. కళ్ళు మా ముఖాల మీద కాదు, చేతుల మీద ఉన్నాయి.

"పట్నంల సైగల బడి ఉన్నది, ఆడికి పంపియ్యి అంటున్నరు సారూ," అంది ముత్తమ్మ. "ఈడ నా బిడ్డ మూగది కాదు. ఊరంత మాట్లాడుతది దానితోని. ఆడికి పోతె మూగదైతది. జ్యోతి, సమ్మక్క అందరు ఆశ్రమం బడికి పోతున్నరు. ఇదొక్కతి ఏం పాపం చేసింది?"

మంచి సైగల బడి ఎక్కడున్నా మంచిదేననీ, ఒప్పందం దాన్ని వద్దనదనీ, కానీ ఇక్కడ సీటు లేదు కాబట్టి అక్కడికి పో అనడం మాత్రం కుదరదనీ గ్రేస్ గారు చెప్పారు. నేనది తెలుగులో చెబితే, ముత్తమ్మ మళ్ళీ తన తల్లికి కోయలో చెప్పింది. నా నాలుగు వాక్యాలు అక్కడికి చేరేసరికి రెండు మాటలయ్యాయి. ముసలామె తలాడించి లోపలికి పోయింది.

ఈలోగా మంచం కింద పెట్టిన ప్రశ్నల పట్టికలోంచి పదిహేడో పేజీ నుంచి ఇరవై నాలుగో పేజీ దాకా ఒక మేక తినేసింది. అవి నిధుల గురించిన పేజీలు. నిధులు ఎవరో తినేయడం మామూలే, ఈసారి మాత్రం సాక్షులున్నారు.

బడిలో

మూడో రోజు ఎనిమిదింటికల్లా బడిలో ఉన్నాం. ఇరవై ఇద్దరు పిల్లలు చాపల మీద కూర్చున్నారు. అందరికీ ముందు, మాకు ఎదురుగా, ప్లాస్టిక్ కుర్చీలో భీమే ఒక్కతే కూర్చుని ఉంది. తలకి నూనె, మెళ్ళో బంతిపూల దండ. సహిత విద్య చూడ్డానికి మేడం వస్తోంది కదా, చూడాల్సిన పిల్ల బాగా కనబడాలని ముత్తయ్య సారు చేసిన ఏర్పాటు అది. పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టాడు.

గ్రేస్ గారు ఏదడిగినా భీమే కదల్లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని బిగదీసుకుంది.

"రోజు గిట్ల ఉండదు సార్," ముత్తయ్య సారు చెమట తుడుచుకున్నాడు. "మస్తు హుషారు పిల్ల. ఇయ్యాల ఏమైందో."

ఏమైందో గ్రేస్ గారే పట్టుకున్నారు. "ఆ అమ్మాయి వీపు తరగతి వైపు ఉంది. ఎవరి చేతులూ కనిపించడం లేదు."

కుర్చీ తీసేయించారు. భీమే వెళ్ళి చాప మీద జ్యోతి పక్కన కూర్చుంది. జ్యోతి అంటే రెండు జడల పొడుగు పిల్ల, పుట్టినప్పటినుంచీ పక్క గుడిసె. కూర్చున్న మరుక్షణం గదంతా చేతులు లేచాయి. సారు నోటితో చెబుతున్నాడు, జ్యోతి చేత్తో చెబుతోంది, వెనక వరసవాళ్ళు మధ్యలో జోకులు వేస్తున్నారు, భీమే పడీపడీ నవ్వుతోంది. భాగహారం లెక్క అందరికంటే ముందు చేసి పలక ఎత్తింది.

"నేను నేర్పలే సార్," అన్నాడు ముత్తయ్య సారు. "ఎనకట వేటకు పోయినప్పుడు మావోళ్ళు నోరు మెదపకపోదురు. అంత చెయ్యితోనే. ఆగు, కూచో, గాలి ఇటు కొడ్తున్నది, గట్ల. దీని తాత ఆ సైగలతోనే దీనికి మాటలు మొదలుపెట్టిండు. మిగిలినయి పిల్లలు కల్పుకున్నరు."

ప్రతి మనిషికీ ఒక సైగ పేరుంది. ముత్తయ్య సారంటే ముక్కు మీంచి జారే కళ్ళద్దాలు పైకి తోసుకోవడం. గ్రేస్ గారంటే పిడికిలి రెండుసార్లు నేలకి తాకించడం. నాకేం పెట్టారని అడిగాను. భీమే నోటి దగ్గర నాలుగు వేళ్ళూ బొటనవేలూ కలిపి, బాతు ముక్కులా గబగబా తెరిచి మూసింది. పిల్లలు గోల. యాదగిరి గుమ్మంలో నిలబడి, "ఒక్క రోజుల పట్టేసిన్రు సారు నిన్ను!" అన్నాడు.

మేక తినగా మిగిలిన పేజీల్లో ఒక ప్రశ్న: ఈ బడిలో సైగల అనువాదకులు ఎందరు? గ్రేస్ గారు గదంతా ఒకసారి చూసి, 'ఇరవై ఇద్దరు' అని రాశారు. నేను పదిహేనేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ఆ పూట ఆ గదిలో నాది ఇరవై మూడో స్థానం.

ఆశ్రమ పాఠశాల

నాలుగో రోజు జీపులో ముత్తమ్మ, భీమే, జ్యోతి కూడా ఎక్కారు. ఆశ్రమ పాఠశాల ఎనిమిది కిలోమీటర్లు. వార్డెనమ్మ చెడ్డ మనిషి కాదు. నడుముకి తాళాల గుత్తి, కళ్ళ కింద నల్లచారలు. మాకు మజ్జిగ ఇప్పించి, భీమేకి బిస్కెట్ ఇచ్చి, ఆ తర్వాత చేతులు జోడించింది.

"నాకు రెండు వందల మంది ఆడపిల్లలు సార్. కరెంటు పోతది. పాములు వస్తయి. అందర్ని ఒక్క కేకేసి లేపుత. ఈ పిల్లను ఎట్ల లేపాలె? ఏమన్న అయితే ఎవరు జవాబు చెప్తరు? మీరు కాదు గద. నా నౌకరి పోతది."

నేనది పొల్లుపోకుండా చెప్పాను. గ్రేస్ గారు కట్ట తీసి పేజీలు తిప్పారు. అరవై పేజీల్లో పాము లేదు.

జవాబు జ్యోతి చెప్పింది. "ఇప్పపువ్వు ఏరనీకి చీకట్లనే పోతం మేము. అప్పుడు దీని చేతికి, నా చేతికి చున్నీ కడ్తం. గుంజితె వస్తది. ఈడ గూడ పండుకునేటప్పుడు కట్టుకుంట. మీరు నన్ను లేపుండ్రి, నేను దీన్ని గుంజుత."

వార్డెనమ్మ ఆ పిల్లకేసి చూసింది. తర్వాత రిజిస్టరు ముందుకి జరుపుకుంది. తెరవలేదు. చెయ్యి దాని మీదే పెట్టి నన్నడిగింది.

"మేడం ఆర్డరిస్తదా సార్? పెద్దది వద్దు. ఒక్క మాట. మేడం చెప్పింది, చేర్చుకున్న అంటే నన్ను ఎవరు ఏమనరు. ఆ ఒక్క మాట ఇస్తె ఇప్పుడే రాసుకుంట."

నేను గ్రేస్ గారిని అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. "నేను పరిశీలకురాలిని మాత్రమే. సిఫారసు రాయగలను. ఎవరినీ ఆదేశించే అధికారం నాకు లేదు."

వార్డెనమ్మ నా నోటికేసి చూస్తోంది. ముత్తమ్మ చూస్తోంది. పిల్లలిద్దరూ చూస్తున్నారు. నేను గొంతు సవరించుకున్నాను.

"ఇస్తున్నాను అంటున్నారు," అన్నాను. "ఇన్ని దేశాలు సంతకం పెట్టిన కాగితం, అంతకంటే పెద్ద ఆర్డరు ఏముంటుంది, నా పేరు చెప్పి రాసుకోండి అంటున్నారు. చున్నీ ఆలోచన ఇంకే దేశంలోనూ చూడలేదట, అన్ని దేశాలకీ చెబుతారట."

వార్డెనమ్మ రిజిస్టరు తెరిచి, ఆరో తరగతి పేజీలో, జ్యోతి పేరు కింద భీమే పేరు రాసింది. గ్రేస్ గారు నన్నడిగారు: "ఏం చెప్పావు?"

"మీరు చెప్పిందే."

"నేను చెప్పింది ఇంత పొడుగు లేదు."

"తెలుగు కాస్త పొడుగైన భాషండీ."

ఆవిడ ఇంకేమీ అడగలేదు. బయటికొచ్చాక భీమే నడుము దగ్గర వేళ్ళు గలగలలాడించి చూపించింది; వార్డెనమ్మకి పేరు పెట్టేసింది, తాళాల గుత్తి. యాదగిరి జీపు తలుపు తీస్తూ, "ఉప్పేసిండ్రా సారూ?" అన్నాడు. చిటికెడు, అన్నాను.

తిరుగు దారి

మూడు ఒట్లు వేశాను కాబట్టి ఒకటి ఒప్పుకోవాలి. బజ్జీ సంగతి, ఇప్పపువ్వు వాసనకి జీపు తూలిన సంగతి మీరు ఎలాగూ నమ్మి ఉండరు, అవి లెక్కలోకి రావు. మేక నిజం. చున్నీ నిజం. వార్డెనమ్మ రిజిస్టరు మీద చెయ్యి పెట్టి అడగడం నిజం. గ్రేస్ గారి జవాబు నిజం. నేను కల్పించింది ఆ తర్వాతది.

ఆ గదిలో నేను అబద్ధం చెప్పలేదు.

"ఆదేశించే అధికారం తనకి లేదంటున్నారు. సిఫారసు మాత్రం రాయగలరట," అని చెప్పాను. చక్కని తెలుగులో, ఒక్క మాటా పోకుండా. పదిహేనేళ్ళలో అంత నమ్మకంగా ఎప్పుడూ అనువదించలేదు.

ఎందుకలా చేశావని మా ఆవిడ కాదు, యాదగిరి అడిగాడు. ఖమ్మం దాకా అడుగుతూనే ఉన్నాడు. భయమని చెప్పొచ్చు, వృత్తి ధర్మమని చెప్పొచ్చు. రెండూ బాగుంటాయి. అసలు సంగతి, అది నాలుగో రోజు. మోకాళ్ళు లాగేస్తున్నాయి, ఫ్యాను తిరగడం లేదు, ఎప్పుడు జీపెక్కుదామా అని ఉంది. అబద్ధం చెప్పాలంటే ఓపిక కావాలి. ఎదుటి మనిషి ముఖం చూడాలి, ఏ మాటకి కదులుతుందో వెతకాలి, చెప్పాక దాన్ని మొయ్యాలి. నిజం చెప్పడానికి ఇవేవీ అక్కర్లేదు. విన్నది విన్నట్టు దించేసి చేతులు దులుపుకోవచ్చు. దించేశాను.

వార్డెనమ్మ రిజిస్టరుని పక్కకి జరిపింది. "మరి నేనేం చెయ్యను సార్," అంది, నిజంగానే బాధగా. గ్రేస్ గారు ఆ సాయంత్రమే సిఫారసు రాశారు, నాలుగు పేజీలు. దాన్ని నేనే తెలుగు చేశాను. అది ఎక్కడో పరిశీలనలో ఉంది. జూన్లో బళ్ళు తెరిచారు. జ్యోతి ఆశ్రమ పాఠశాలకి వెళ్ళిపోయింది. భీమేని కాగితాల మీద 'ఇంటి వద్ద విద్య' కింద రాశారు. గురువారం గురువారం ఎవరో ఒక టీచరు వెళ్ళి గంటసేపు కూర్చుని వస్తారని విన్నాను.

ఆ రోజు వార్డెనమ్మ గదిలో, నేను చెప్పడం పూర్తిచేశాక, భీమే నా వైపు చూడలేదు. జ్యోతి వైపు తిరిగింది. జ్యోతి చేతులు కాసేపు కదిలాయి. ఒకచోట ఆగి, మళ్ళీ మొదలుపెట్టాయి. భీమే చూస్తూ నిలబడింది. జ్యోతి ఏం చెప్పిందని నేను అడగలేదు.